అమ్మమ్మ ప్రేమకు కోర్టు కాగితం కూడా కావాలి

మొన్న ఆవకాయ జాడీకి వాసెన కడుతుంటే పక్కింటి పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. కూతురూ అల్లుడూ పోయాక ఏడేళ్ళ మనవణ్ణి ఆవిడే పెంచుతున్నారు. వాడి పేర రావలసిన బీమా డబ్బు కోసం వెళితే, "మీరు గార్డియన్ అని కోర్టు ఇచ్చిన కాగితం ఉందా?" అన్నారట.

"నా కూతురి కొడుక్కి నేను కాక ఇంకెవరే?" అని ఆవిడ బాధ.

నిజమేనండీ, కానీ చట్టం లెక్క వేరు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకులంటే తండ్రి, ఆయన తరువాత తల్లి. తాతయ్యలూ, అమ్మమ్మలూ, నాయనమ్మలూ ఆ వరుసలో లేరు. తల్లిదండ్రులు వీలునామాలో రాసి ఉంటే సరే, లేకపోతే కోర్టే నియమించాలి.

అందుకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. పిల్లవాడు ఉంటున్న చోటికి సంబంధించిన జిల్లా కోర్టులో, ఫ్యామిలీ కోర్టు ఉంటే అందులో, పిటిషన్ వేయాలి. పిల్లవాడి జనన ధృవపత్రం, తల్లిదండ్రుల మరణ ధృవపత్రాలు, బంధుత్వం తెలిపే కాగితాలు, పిల్లవాడి ఆస్తి వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. తండ్రి బతికి ఉంటే మాత్రం సంగతి వేరు. ఆయన తగడని కోర్టుకు నమ్మకం కలగాలి.

"ముసలిదాన్ని, పెన్షన్ తప్ప ఏమీ లేదు, నాకిస్తారా?" అన్నారు పిన్నిగారు. 2021లో కరోనాతో తల్లీతండ్రీ పోయిన ఒక గుజరాత్ పిల్లవాడి సంగతి చెప్పాను. అక్కడి హైకోర్టు పిల్లవాణ్ణి పిన్నికి అప్పగిస్తే, 2022 జూన్‌లో సుప్రీంకోర్టు నాయనమ్మా తాతయ్యలకే ఇచ్చింది. వయసు, ఆదాయం మాత్రమే చూసి కాదనకూడదంది. కోర్టు చూసేది పిల్లవాడి క్షేమం. ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ళ ఇష్టమూ అడుగుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. సంరక్షకులైనంత మాత్రాన పిల్లల ఇల్లూ పొలమూ మనవి కావు. కోర్టు అనుమతి లేనిదే అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు.

లాయరు ఖర్చుకు భయపడకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది. పరువు పోతుందని మాత్రం ఆగకండి. ఒంట్లో ఓపిక ఉండగానే ఈ పని చేసుకోవాలి.

పిన్నిగారు కిందటి వారమే పిటిషన్ వేశారు. "జడ్జిగారు అడిగితే ఏం చెప్తావురా?" అంటే, "అమ్మమ్మ కలిపిన ముద్దే తింటానని చెప్తా" అన్నాడు మనవడు.