ఇల్లు కట్టించు సోదరీమణులకు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. పెండ్లి విషయమున పదిమంది యెదుట మాట్లాడి లగ్నపత్రిక వ్రాయించుకొను మనము, ఇంటి విషయమున మాత్రము లక్షల రూప్యముల పనిని మేస్త్రీ నోటిమాటపై విడిచిపెట్టుచున్నాము. దీనిని గూర్చియే ఈ మాసము సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

ఇల్లు కట్టించుట పురుషుల వ్యవహారమని తప్పించుకొను కాలము కాదిది. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస యోజనలో ఇల్లు సాధారణముగా స్త్రీ పేరనో, దంపతులిద్దరి పేరనో ఉండవలెను. మన రాష్ట్రమున 2020 డిసెంబరు 25వ తేదీన పంచనారంభించిన ఇండ్లపట్టాలును స్త్రీల పేరనే వ్రాయబడినవి. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో ఇట్టి పట్టాలు గల ఇల్లాండ్రెందఱో కలరు. పట్టా ఆమెది, అప్పు ఆమెది. బేరము మాత్రము మగవారిది. పని చెడిననాడు అడుగుటకు ఆమె చేత ఒక్క చీటియైనను ఉండదు.

మేస్త్రీకి సర్కారు లైసెన్సు ఉండునుగదా యని కొందఱందురు. కాంట్రాక్టర్ల రిజిస్ట్రేషనులు, తరగతులు ప్రభుత్వపు పనులకు టెండర్లు వేయువారికే. మన స్థలమున మనకు గోడ కట్టువాడు అట్టి పత్రమేదియు చూపనక్కఱలేదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము సైతము అమ్మకమునకై కట్టువారిని గూర్చినదే. లైసెన్సు గలవాడు ప్లాను గీయు సాంకేతిక నిపుణుడు. మార్కాపురము పురపాలక సంఘమునందును, గిద్దలూరు నగరపంచాయతీయందును 2017 నాటి భవన నియమముల ననుసరించి సాధారణముగా అతని ద్వారా ఆన్‌లైనులో అనుమతి కోరవలెను. పల్లెలలో గ్రామపంచాయతీ నడుగవలెను. అనుమతి స్థలము గలవారి పేరనే వచ్చును. ప్లాను మీఱి గోడ వీథిలోనికి జరిగినచో తాఖీదు వచ్చునది మేస్త్రీకి గాదు, పట్టా గల ఇల్లాలికే.

కావున పునాది త్రవ్వక మునుపే ఒప్పందము కాగితముపై నుండవలెను. అందు ముఖ్యముగా వ్రాయవలసినవి నాలుగు.

మొదటిది కొలత. చదరపుటడుగునకింత యనినంతమాత్రమున చాలదు. మెట్లు, సజ్జాలు, పిట్టగోడ, నీళ్ళ సంపు లెక్కలో చేరునో చేరవో తేల్చవలెను. 600 అడుగుల ఇంట మఱి 60 అడుగులు కడపట చేరినచో కూలిలో పదియవవంతు పెరిగినట్లే.

రెండవది గుత్త. అది కూలికి మాత్రమేనా, సామానుతో కూడినదా? సెంటరింగు పలకల అద్దె, కాంక్రీటు కలుపు మిల్లరు అద్దె ఎవరివి? సిమెంటు, ఇనుము ఏ రకమువి?

మూడవది నీరు. సిమెంటు గట్టిపడుట ఎండుటచేత గాదు, నీటితో కలిసి మాఱుటచేత. సాధారణ సిమెంటుతో పోసిన శ్లాబును కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటుతో పోసినదానిని 10 దినములు తడి ఆరనీయరాదని భారతీయ ప్రమాణము. వేసవిలో ట్యాంకరుకై కాచుకొను మన సీమలో ఆ నీరు తెప్పించువారెవరు, చల్లువారెవరు? వ్రాసికొననిచో ఒకరిపై నొకరు భారము వేసికొందురు. ఆ నడుమ శ్లాబు ఎండి, బీటలు వాఱి, వానకు కారును.

నాలుగవది సొమ్ము. పునాది, లింటెలు, శ్లాబు, పూత అను ఘట్టములుగా విభజించి, ముగిసిన పనికే సొమ్మియ్యవలెను. కొంత తుదకు నిలుపవలెను. మేమెఱిగిన యొక సోదరి శ్లాబు నాటికే పూత కూలియు చెల్లించెను. మేస్త్రీ వేఱొక పనికి పోయెను. రెండు వానకాలములు ఆ గోడలు పూత లేకయే తడిసినవి. ఆమెయొద్ద రసీదైన లేకపోయెను.

1872 నాటి ఒప్పందముల చట్టము నోటిమాటను సైతము ఒప్పుకొనును. కాని ఋజువు చేయవలసినది మనమే. 2019 నాటి వినియోగదారుల చట్టము గృహనిర్మాణమును సేవగా నెంచినది. చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటనిచో జిల్లా వినియోగదారుల కమిషనునకు, నష్టము కలిగిన రెండేండ్లలోగా, వకీలు లేకయే ఫిర్యాదు చేసికొనవచ్చును. 5 లక్షలవఱకు రుసుము లేదు. అచ్చట అక్కఱకు వచ్చునది ఆ ఒప్పందమును, రసీదులును.

కాగితమనిన మేస్త్రీ నొచ్చుకొనునని జంకవలదు. అతడును కూలిపై బ్రదుకువాడే. పని ముగిసినపిదప సొమ్మెగవేయు యజమానులును లేకపోలేదు. ఆ పత్రము అతనికిని రక్షయే. రెండు ప్రతులు వ్రాయించి, ఇద్దఱు సాక్షులచేత వ్రాలు చేయించి, ఒకటి అతనికిచ్చి, వేఱొకటి పట్టాతోపాటు పెట్టెలో భద్రపఱచుకొనుడు. పట్టా మీ పేరనున్నచో ఆ కాగితముపై మొదటి వ్రాలు మీదే కావలెనని మా ప్రార్థన.