కేంద్రీకృత వర్చువల్ యంత్రాలు – చివరి పరిశోధనా స్థానం అవసరాలు

ఖరీఫ్ వరి కోతలు ముగిసి దిగుబడి లెక్కలు ఫీల్డ్ బుక్కులోకి చేరిన తరువాత, మారుమూల పరిశోధనా స్థానంలోని శాస్త్రవేత్తకు మరొక పని మొదలవుతుంది. మూడు నీటి యాజమాన్య పద్ధతులు, నాలుగు నత్రజని మోతాదులు, మూడు పునరావృతాలు గల స్ప్లిట్ ప్లాట్ ప్రయోగంలోని 36 మడుల దిగుబడిని విశ్లేషించి, మండల పరిశోధన విస్తరణ సలహా మండలి సమావేశం నాటికి ఫలితాన్ని సిద్ధం చేయవలసి ఉంటుంది. అందుకు కావలసిన లైసెన్సు గల సాఫ్ట్‌వేర్ తరచుగా ప్రధాన ప్రాంగణంలోని కొన్ని కంప్యూటర్లలోనే ఉంటుంది. దత్తాంశాన్ని ఈ-మెయిల్‌లో పంపి అక్కడి మిత్రుని తీరిక కోసం ఎదురుచూడడం ఒక దారి. ఎవరో ఇచ్చిన లైసెన్సు లేని ప్రతితో పని కానిచ్చుకోవడం మరొక దారి. రెండూ అందరికీ తెలిసినవే. బహిరంగంగా చెప్పుకొనేది మాత్రం మొదటిదే.

ఈ ఇబ్బందికి పరిష్కారంగా కేంద్రీకృత వర్చువల్ యంత్రాలను సూచించడం సహజం. విశ్వవిద్యాలయ కేంద్రంలో శక్తిమంతమైన సర్వర్లు నెలకొల్పి, ఒక్కొక్క సర్వర్‌ను అనేక వర్చువల్ యంత్రాలుగా విభజించి, వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్లను అన్ని స్థానాలకూ అందించడం ఈ విధానం. ఇందులో వినియోగదారుని ముందున్న కంప్యూటర్ చేసే పని స్వల్పం. కీబోర్డు, మౌస్ కదలికలు సర్వర్‌కు వెళతాయి. సర్వర్ తయారుచేసిన తెర చిత్రం తిరిగి వస్తుంది. గణన అంతా కేంద్రంలోనే జరుగుతుంది. భావన కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1972లోనే తన పెద్ద కంప్యూటర్ల కోసం వీఎం/370 అనే వర్చువల్ యంత్ర వ్యవస్థను ప్రకటించింది. సాధారణ కంప్యూటర్లపైకి ఈ పద్ధతిని వ్యాప్తి చేసిన వీఎంవేర్ సంస్థ 1998లో ఏర్పడింది.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఈ విధానం తగినదే. అయితే దాని జయాపజయాలను ప్రధాన ప్రాంగణంలో కాక, చిట్టచివరి స్థానంలో కొలవవలసి ఉంటుంది. కాలువ కింద ఎగువ భూములకు నీరందడం ఎన్నడూ సమస్య కాదు. ఆయకట్టు చివరి ఎకరానికి నీరు ఎప్పుడు చేరింది, ఎంత చేరింది అన్నదే ప్రాజెక్టు పనితీరును చెబుతుంది. సాఫ్ట్‌వేర్ సరఫరాకు సైతం ఇదే కొలమానం వర్తిస్తుంది.

విద్యార్థులు ఇప్పటికే ఈ దారిలో చాలా దూరం వచ్చారు. హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆప్‌స్టాట్, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన గ్రేప్స్ వంటి ఆన్‌లైన్ విశ్లేషణ సాధనాలు స్నాతకోత్తర విద్యార్థులకు సుపరిచితమైనవి. వాటిలో లెక్క జరిగేది విద్యార్థి ల్యాప్‌టాప్‌లో కాదు, దూరాన ఉన్న సర్వర్‌లో. శాస్ సాఫ్ట్‌వేర్ చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. జాతీయ వ్యవసాయ నవీకరణ ప్రాజెక్టు కింద, న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధనా సంస్థ నాయకత్వంలో, దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, పరిశోధనా సంస్థలకు శాస్‌ను సమకూర్చారు. తరువాత 2014లో ఆ కంపెనీ విద్యార్థుల కోసం ఉచిత ప్రతిని ఒక వర్చువల్ యంత్రం రూపంలోనే విడుదల చేసింది. దానిని దిగుమతి చేసుకొని సొంత కంప్యూటర్‌లో నడుపుకొనేవారు. 2021లో ఆ ప్రతిని నిలిపివేసి, కంపెనీ సర్వర్లలో నడిచే ఆన్‌లైన్ సేవకు విద్యార్థులను మళ్ళించారు. విద్యార్థి చేతిలో ఉన్న యంత్రం ఏడేళ్ళలో కేంద్రానికి తరలిపోయింది. ఇందులో సౌకర్యమూ ఉన్నది. సేవను ఎప్పటివరకు, ఏ షరతులపై ఇవ్వాలో నిర్ణయించే అధికారం వేరొకరి చేతికి వెళ్ళడమూ ఉన్నది. విశ్వవిద్యాలయాలు సొంత కేంద్రాన్ని కోరుకోవడానికి ఇదొక బలమైన కారణం.

రెండవ కారణం పరిశోధన నాణ్యతకు సంబంధించినది. దీనిపై చర్చ తక్కువ. ఒకే ప్రయోగాన్ని మారుటేరు, జగిత్యాల, చింతపల్లి వంటి భిన్న వ్యవసాయ వాతావరణ మండలాలలోని స్థానాలలో మూడేళ్ళు నిర్వహించారని అనుకుంటే, అన్ని చోట్లా అన్నేళ్ళూ ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో పని జరిగిందా అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఉచితంగా లభించే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 2019 ఏప్రిల్‌లో వెలువడిన 3.6.0 వెర్షన్‌లో యాదృచ్ఛిక ఎంపిక చేసే పద్ధతిని మార్చారు. దానితో ఒకే సీడ్ సంఖ్య ఇచ్చినా పాత వెర్షన్ ఒక లేఅవుట్‌ను, కొత్త వెర్షన్ వేరొక లేఅవుట్‌ను ఇచ్చే పరిస్థితి ఏర్పడింది. (ఇక్కడ సీడ్ అంటే విత్తనం కాదు, యాదృచ్ఛిక సంఖ్యల వరుసను ప్రారంభించే అంకె.) పాత పద్ధతిని తిరిగి కోరే వీలు ఉన్నప్పటికీ, మార్పు జరిగిందని తెలిసినవారికే అది ఉపయోగపడుతుంది. మరుసటి ఏడాది వచ్చిన 4.0.0 వెర్షన్‌లో, ఫైలులోని అక్షర రూప సమాచారాన్ని దానంతటదే వర్గాలుగా మలిచే పాత అలవాటును తొలగించారు. అప్పటివరకు సాఫీగా నడిచిన ఆదేశాలు కొన్ని ఆగిపోయాయి. ప్రయోగం మొదలైన నాటి వర్చువల్ యంత్రాన్ని యథాతథంగా భద్రపరచి, అది ముగిసేవరకు అన్ని స్థానాలకూ అదే యంత్రాన్ని అందించగలిగితే ఈ గందరగోళం తొలగుతుంది. పదేళ్ళ తరువాత ఎవరైనా ఫలితాన్ని ప్రశ్నించినా, అదే యంత్రాన్ని తిరిగి తెరచి చూపవచ్చు. ఇంతటి సౌలభ్యం విడివిడి కంప్యూటర్లతో సాధ్యం కాదు.

ఇదే సౌలభ్యానికి వ్యతిరేక ముఖమూ ఉన్నది. కేంద్రంలోని నిర్వాహకుడు ఒక రాత్రి వెర్షన్ మార్చితే, మరునాటి ఉదయానికి అన్ని స్థానాలలోనూ మారిపోతుంది. పంట కాలం మధ్యలో పాత యంత్రాన్ని తొలగించరాదన్న నియమం రాతపూర్వకంగా ఉండాలి. ఆ నియమాన్ని రూపొందించే చోట కంప్యూటర్ నిపుణునితో పాటు గణాంక శాస్త్రవేత్తకూ స్థానం ఉండాలి.

ఉపగ్రహ చిత్రాల విషయంలో కేంద్రీకరణ దాదాపు తప్పనిసరి అవుతున్నది. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు ఒకే ప్రాంతాన్ని అయిదు రోజులకు ఒకసారి 10 మీటర్ల స్పష్టతతో చిత్రిస్తాయి. 100 కిలోమీటర్ల పొడవు, 100 కిలోమీటర్ల వెడల్పు గల ఒక ఖండిక చిత్రం సుమారు అర గిగాబైటు నుంచి ఒక గిగాబైటు వరకు ఉంటుంది. జూన్ నుంచి నవంబరు వరకు 36 చిత్రాలంటే 18 నుంచి 36 గిగాబైట్లు. రోజుకు రెండు గిగాబైట్ల మొబైల్ డేటాపై ఆధారపడే ఏరువాక కేంద్రంలో ఇతర పనులన్నీ ఆపి దిగుమతి చేసుకొన్నా, ఒక్క ఖరీఫ్‌కు తొమ్మిది నుంచి పద్దెనిమిది రోజులు పడుతుంది. చిత్రాలను కేంద్రంలోనే ఉంచి, విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌నూ అక్కడే నడిపి, తెరను మాత్రం ఏరువాక కేంద్రానికి పంపడం ఇంతకన్నా ఎంతో సుకరం.

అయితే ఆ తెర సజావుగా కదలాలి. కొనుగోలు ప్రతిపాదనలలో సాధారణంగా లైను సామర్థ్యం ఎన్ని మెగాబిట్లు అన్నదే కనిపిస్తుంది. కేంద్రీకృత డెస్క్‌టాప్‌లకు దానికంటే కీలకమైనది జాప్యం, అనగా ఒక కీ నొక్కిన తరువాత అక్షరం తెరపై కనిపించేందుకు పట్టే వ్యవధి. ఈ వ్యవధి సెకనులో పదవ వంతు లోపు ఉంటే మనిషికి తేడా పెద్దగా తెలియదు. అయిదవ వంతు దాటితే చేతివేగానికి తెర అందదు, పట్టికలో అంకెలు తప్పు గడులలో పడతాయి. ఫైబర్ చేరని స్థానాలకు ఉపగ్రహ లైనును ప్రత్యామ్నాయంగా చూపడం పరిపాటి. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆదేశం పైకి వెళ్ళి కిందికి రావడం, జవాబు మళ్ళీ పైకి వెళ్ళి కిందికి రావడం కాంతి వేగంతో జరిగినా అర సెకనుకు చేరువ అవుతుంది. ఎంత ధర పెట్టి ఎన్ని మెగాబిట్లు కొన్నా ఈ అర సెకను తగ్గదు. ఏజెన్సీ ప్రాంతంలోని స్థానానికి ఇటువంటి లైనుతో వర్చువల్ డెస్క్‌టాప్ ఇస్తే, ‘సదుపాయం కల్పించబడినది’ అన్న వాక్యం నివేదికలోకి చేరుతుంది. శాస్త్రవేత్త పాత ల్యాప్‌టాప్‌కే తిరిగి వెళతాడు.

వరుస చివరి స్థానానికి మరొక ఇబ్బంది రద్దీ. 256 గిగాబైట్ల మెమొరీ గల సర్వర్‌పై ఒక్కొక్కరికి ఆరు గిగాబైట్లు కేటాయిస్తే, సర్వర్ సొంత అవసరాలు పోను సుమారు 40 మంది పనిచేయగలరు. సంవత్సరంలో అధిక భాగం అది సరిపోతుంది. థీసిస్ సమర్పణ గడువు, వార్షిక సమీక్షా సమావేశాలు ఒకే వారంలో వచ్చినప్పుడు 40 మంది 200 మంది అవుతారు. అప్పుడు ముందుగా చోటు దొరికేది ప్రధాన ప్రాంగణంలోని వారికే. కాలువ నీటికి వంతులు ఉన్నట్లే, దూర స్థానాలకు కొన్ని స్థలాలను ముందుగానే కేటాయించి ఉంచడం న్యాయం.

అన్నింటినీ కేంద్రానికి తరలించాలన్న ఉత్సాహం కూడా తగదు. వేతనాలు, కొనుగోళ్ళు, స్టోర్సు లెక్కల సాఫ్ట్‌వేర్లలో అనేకం ఇప్పుడు బ్రౌజర్‌లోనే నడుస్తున్నాయి. వాటిపై మళ్ళీ వర్చువల్ డెస్క్‌టాప్‌ను జోడించడం ఎడ్లబండిని లారీపై ఎక్కించి తీసుకువెళ్ళడం వంటిది. బ్రౌజర్‌లో నడవని పాత లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే అలా అందిస్తే చాలును. పొలంలో జరిగే నమోదు సంగతి వేరు. పిలకల సంఖ్య, తెగులు తీవ్రత, రైతు చెప్పిన ఎరువుల మోతాదు వంటివి సిగ్నల్ ఉన్నా లేకున్నా ఆ క్షణంలోనే నమోదు కావాలి. ఫోనులోనే నిల్వ ఉండి, సిగ్నల్ దొరికినప్పుడు కేంద్రానికి చేరే అప్లికేషన్ ఇందుకు తగినది. వర్షంలో తడవని పెన్సిల్ రాతకు, ఫీల్డ్ బుక్కుకు ఇంకా కాలం చెల్లలేదు.

అన్నీ ఒకే చోట ఉండడం వలన కలిగే ప్రమాదం ఊహాజనితం కాదు. 2022 నవంబరులో న్యూఢిల్లీలోని ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు, రోగుల నమోదు మొదలుకొని అనేక సేవలను చాలా రోజులు చేతి రాతతో నడపవలసి వచ్చింది. వ్యవసాయ రంగంలో ఇటువంటి ముప్పును దృష్టిలో ఉంచుకొనే, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా మండలి డేటా కేంద్రానికి తోడుగా హైదరాబాదులోని నార్మ్ ప్రాంగణంలో ‘కృషి మేఘ్’ను 2020 ఆగస్టులో ప్రారంభించారు. హైదరాబాదు వేరొక భూకంప మండలంలో ఉండడం ఈ ఎంపికకు చూపిన కారణాలలో ఒకటి. రెండు దూర ప్రదేశాలలో నకళ్ళు ఉంచడం సరైన ఆలోచనే. అయితే రెండు కేంద్రాలు నిరంతరం ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉంటే, ఒక చోట పొరపాటున చెరిగినది రెండవ చోటా చెరిగిపోగలదు. అందువలన ఏ నెట్‌వర్క్‌కూ కలపని మూడవ నకలు అవసరం. క్షేత్ర ప్రయోగాన్ని మళ్ళీ చేయాలంటే ఒక సర్వర్ కొంటే సరిపోదు. ఆ ఏడాది కురిసిన వాన, ఆ ఏడాది వచ్చిన దోమ ఉధృతి తిరిగి రావు.

ఖర్చు విషయంలో సాధారణంగా చెప్పే ఆదా మాటలను జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుంది. పాత కంప్యూటర్లను మరికొన్నేళ్ళు వాడుకోవచ్చునన్నది నిజమే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిన నేపథ్యంలో, ఆ పాత యంత్రాలపై లినక్స్ వేసి కేవలం తెరలుగా వాడుకోవడం మంచి ఉపాయం. కానీ సర్వర్లు, వాటికి నిరంతర విద్యుత్తు, శీతలీకరణ, వర్చువల్ డెస్క్‌టాప్‌లకు విడిగా కావలసిన లైసెన్సులు కలిపితే ఆదా చాలావరకు కరిగిపోతుంది. లైసెన్సు నిబంధనలు ఒక్క సంతకంతో మారగలవని కూడా ఇటీవలే రుజువైనది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనుగోలు చేసిన వెంటనే, శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని నిలిపివేసి చందా పద్ధతిని ప్రవేశపెట్టారు. ప్రాజెక్టు నిధులతో ఒకసారి కొని, తరువాత పునరుద్ధరణకు నిధులు లేక ఇబ్బందిపడే సంస్థలకు ఇది పెద్ద దెబ్బ. లినక్స్‌లో భాగమైన కేవీఎం, దానిపై ఆధారపడిన ప్రాక్స్‌మాక్స్, బ్రౌజర్ ద్వారా తెరను అందించే అపాచీ గ్వాకమోలీ వంటివి లైసెన్సు రుసుము లేకుండానే లభిస్తున్నాయి. వాటికి కావలసినది నిర్వహణ తెలిసిన మనిషి. ఆ మనిషిని ప్రాజెక్టు ముగియగానే పంపివేసే తాత్కాలిక ఉద్యోగిగా కాక, మంజూరైన పోస్టులో నియమించడానికి విశ్వవిద్యాలయం సిద్ధపడకపోతే, సర్వర్లు కొనకపోవడమే మేలు.

కొనుగోలుకు ముందు పరీక్ష జరిపే చోటు కూడా మారవలసి ఉన్నది. సరఫరాదారుడు ప్రధాన ప్రాంగణంలోని సమావేశ మందిరంలో చూపే ప్రదర్శనలో ఏ సాఫ్ట్‌వేరైనా చురుకుగానే కదులుతుంది. ఆగస్టు నెలలో వాన కురిసే ఒక మధ్యాహ్నం, చింతపల్లి వంటి స్థానంలో, అక్కడి శాస్త్రవేత్త తన సొంత స్ప్లిట్ ప్లాట్ దత్తాంశాన్ని తానే ఎక్కించి, విశ్లేషణ పూర్తిచేసి, మధ్యలో కరెంటు పోయి వచ్చిన తరువాత ఆపిన చోటునుంచి పని కొనసాగించగలిగినట్లు సంతకం చేయాలి. తుది చెల్లింపును ఆ సంతకానికి ముడిపెట్టే షరతు టెండరు పత్రంలోనే ఉండాలి.