మిక్చర్‌కూ ఒక లెక్క ఉంది

మిక్చర్ అనగానే మనకు రెండు గుర్తొస్తాయి. కారప్పూస, బూంది, పల్లీలు, వేయించిన కరివేపాకు కలిసిన పొట్లం ఒకటి. పాతకాలం ఆసుపత్రి కిటికీలోంచి కాంపౌండరు అందించిన సీసా ఇంకొకటి. పరాయి మాటే అయినా ఎప్పుడో మన నోట నలిగిపోయింది. కానీ వాడుకలో దానికి మర్యాద తక్కువ. నచ్చని సినిమాని మిక్చర్ పొట్లం అంటాం. కలగాపులగం, కలగూరగంప అన్న మన మాటలకీ ఇదే గతి. నాలుగు కలిశాయంటే చేతికందినవి పడేశారనే అర్థం.

నేనందుకు ఒప్పుకోను. ఆ కాంపౌండరునే తీసుకోండి. చీటీ చూసి, జాడీలోని మందును కొలత గ్లాసులోకి వంచి, గ్లాసును కంటి ఎత్తుకు పట్టి గీత సరిచూసుకునేవాడు. సీసా ఒంటికి, అంచున గంట్లు కత్తిరించిన కాగితం పట్టీ అంటించేవాడు. ఒక్కో గంటు ఒక్కో మోతాదు. మందు అడుగున పేరుకుంటుందని, తాగే ముందు బాగా కుదపమని చెప్పి పంపేవాడు. చదువు రాని ముసలమ్మకీ పూటకెంత తాగాలో ఆ గంటే చెప్పేది.

కలపడంలోని తెలివి ఎంత దూరం వెళ్లగలదో 1971లో లోకం చూసింది. బంగ్లాదేశ్ యుద్ధం వల్ల తరలివచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ కిక్కిరిసింది. కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ నిండుకుంటోంది. అక్కడున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించారు. ఆ నీళ్లను కుళాయిలు బిగించిన డ్రమ్ముల్లో నింపారు. రోగుల పక్కనున్న తల్లులు, అన్నదమ్ములు కప్పులతో పట్టుకెళ్లి తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఇది అదాటున తట్టిన చిట్కా కాదు. చక్కెర తోడుంటే సోడియాన్ని పేగు బాగా పీల్చుకుంటుందని, దాని వెంటే నీరూ ఒంట్లోకి చేరుతుందని పరిశోధకులు అప్పటికే తేల్చారు. ఆయన ధైర్యమంతా, నర్సులు లేని చోట ఆ పనిని ఇంటివాళ్ల చేతికి అప్పగించడంలో ఉంది. 2022లో ఆయన కన్నుమూశాక మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. బతికుండగా ఇవ్వాల్సింది.

ఓఆర్ఎస్ అని మనం పిలిచేది ఆ మిశ్రమాన్నే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములు. చక్కెర ఎక్కువైతే అదే ఒంట్లో నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అందుకే ఆ మూడక్షరాలను తీపి పానీయాల డబ్బాల మీద అచ్చేసి మందుల దుకాణాల్లో పెట్టడం నాకు క్షమించరాని పనిగా తోస్తుంది. నీరసించిన బిడ్డను భుజాన వేసుకొచ్చిన తల్లి ఆ అక్షరాలను నమ్మే కొంటుంది. కింద సన్నటి అక్షరాల్లో ఇది అది కాదని రాస్తే ఆమె కంట పడుతుందా? హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు ఉండకూడదని ఆదేశించింది. ఒక మిశ్రమం పేరు కోసం ఒక డాక్టరమ్మ అన్నేళ్లు తిరగాల్సి రావడం మన వ్యవస్థకు మచ్చే.

ఆదేశం వచ్చింది కదా అని ఊరుకోవద్దు. దుకాణంలో ఓఆర్ఎస్ అడిగినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే కావాలనండి. ఎన్ని నీళ్లలో కలపమని రాశారో అన్ని నీళ్లలోనే, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. పిల్లాడు తాగట్లేదని పంచదార చేర్చకండి. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. మిగిలింది 24 గంటలు దాటితే పారబోసి మళ్లీ కలపండి.