పెండ్లి తెగిన కార్డు విడువవలెనా?

వివాహము తెగిపోయినది గనుక, ఆ వివాహమువలన లభించిన అమెరికా నివాసపు హక్కును స్త్రీ మర్యాదగా తిరిగి యిచ్చివేయవలెనని చెప్పు పెద్దలు మన పట్టణములందు బయలుదేరినారు. పంచాయతీలో మొదట నగల జాబితా వచ్చును. తరువాత సారెసామాను లెక్క వచ్చును. అదియు తెమిలిన పిమ్మట మామగారు సంచిలోనుండి యొక కాగితము పైకి తీసి, "దీనిమీద కూడ నొక సంతకము పెట్టమ్మా, ఇక మీకును మాకును ఋణము తీరిపోవును" అనును. ఆ కాగితము పేరు ఐ-407 ఫారము. గ్రీన్‌కార్డును స్వచ్ఛందముగా వదలుకొనుచున్నానని అమెరికా ప్రభుత్వమునకు వ్రాసియిచ్చు పత్రమది. మామగారు ఋణమను మాటను ఊరక వాడలేదు. ఆ సంగతికి తరువాత వత్తుము.

పెద్దల వాదము పైకి ధర్మముగనే కనబడును. భర్త పెట్టిన నగ భర్తదైనట్లే, భర్తవలన వచ్చిన కార్డును భర్తదేనట! పాఠకులు క్షమింతురు గాక, ఇది ధర్మమును కాదు, చట్టమును కాదు. కార్డు నిచ్చినది ప్రభుత్వము, పుచ్చుకొన్నది ఆమె. ఒకసారి చేతికి వచ్చిన దానిని రద్దుచేయు అధికారము భర్తకు లేదు.

మోసపు పెండ్లిండ్ల నరికట్టుటకై అమెరికా శాసనసభ 1986లో నొక చట్టము చేసెను. కార్డు లభించునాటికి పెండ్లియై రెండేండ్లు నిండనిచో, రెండేండ్ల గడువుగల షరతు కార్డు మాత్రమే యిత్తురు. గడువు ముగియుటకు ముందరి 90 దినములలో దంపతులిరువురు కలిసి ఐ-751 ఫారము దాఖలు చేయవలెను. "నేను సంతకము పెట్టను, ఏమి చేసికొందువో చేసికొనుము" అని భర్త బెదరించునది ఇక్కడనే. ఆ మాట విని, అంతయు ముగిసినదని యెంచి, పెట్టె సర్దుకొన్న ఆడుబిడ్డలున్నారు. ముగియలేదు. సద్భావముతో చేసికొన్న వివాహము విడాకులతో నంతమైనచో ఆమె ఒంటరిగనే దరఖాస్తు చేసికొనవచ్చును. భర్త కొట్టినను, క్రూరముగా హింసించినను, విడాకులకై కాచియుండ నక్కరలేదు. ఈ దరఖాస్తులకు 90 దినముల నియమమును లేదు. ఇంటి అద్దె కాగితము, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఉత్తరములు, ఛాయాచిత్రములు, కాపురము నిజమని చూపునదెల్ల సాక్ష్యమే. షరతు లేని పదేండ్ల కార్డుగలవారికి విడాకులు మాత్రముననే హక్కు పోదు. అమెరికా పౌరుని భార్యకు మూడేండ్లకే తెరచుకొను పౌరసత్వపు దారి అయిదేండ్లదగును, అంతియే.

"కాపురము లేనప్పుడు కార్డు ఉంచుకొనుట మోసము కాదా?" అని యొక పెద్దమనిషి మమ్ము నిలదీసెను. చట్టము చూచునది పెండ్లినాటి మనసును. కార్డుకొరకే పెండ్లాడినవారికి అయిదేండ్లవరకు చెరసాలయు, 2,50,000 డాలర్లవరకు జుల్మానాయు కలవు. చెడిన కాపురమును దొంగ కాపురముతో కలిపి మాటాడుట ఆ పెద్దమనిషికి తగదు. (కార్డు రాకమునుపే విడాకులైన హెచ్-4 స్త్రీల కష్టము వేరు. భర్తతోపాటు వరుసలో ఎన్నేండ్లు నిలిచినను, బంధము తెగినంతనే వారి చోటు పోవును. అది మరొక వ్యాసమునకు తగిన విషయము.)

ఇక మామగారి ఋణము. అమెరికా పౌరుడు గాని, శాశ్వత నివాసి గాని భార్యను పిలిపించుకొనునపుడు ఐ-864 అను హామీపత్రము వ్రాసియిచ్చును. ఆ దేశపు దారిద్ర్యరేఖకు నూటికి 125 వంతుల ఆదాయమునకు ఆమె తగ్గకుండ చూచెదనని దాని సారము. విడాకులవలన ఆ హామీ రద్దు కాదు. ఆమె పౌరురాలు కావలెను, లేదా 40 త్రైమాసికముల పని లెక్కకు రావలెను, లేదా ఇరువురిలో నొకరు మరణింపవలెను, లేదా ఆమె నివాసపు హక్కు విడిచి దేశము వదలవలెను. అంతవరకు ఆమె కోర్టుకెక్కి ఆ సొమ్ము రాబట్టుకొనవచ్చును. ఇప్పుడా ఫారమును మరల చూడుడు. భర్త వ్రాసిన ఋణపత్రమును ఋణదాతచేతనే చింపించి, ఆ చింపుటకు మర్యాద యని పేరు పెట్టుచున్నారు! మామగారికి ఈ సంగతి తెలియకపోవచ్చును. ఆ ఫారము పంపిన కుమారునికి తెలియదని మేము నమ్మజాలము.

సంతకము పెట్టించుకొనలేనివారు మరొక యుపాయము పన్నుదురు. పండుగకని తీసికొనివచ్చి, పాస్‌పోర్టును కార్డును లాగుకొని, గుంటూరులోనో కరీంనగరములోనో పుట్టింట విడిచిపోవుదురు. ఒక సంవత్సరము దాటినచో ఆ కార్డుతో మరల ప్రవేశించుట దుర్లభము. కార్డు దొంగిలింపబడినంతమాత్రమున హక్కు పోదు. కాలము గడచినకొలది మాత్రము దానిని నిలుపుకొనుట కష్టమగుచుండును. తల్లిదండ్రులు "ఏదో సర్దుబాటగును" అని కాలము గడపుట యిచ్చట ఘోరమైన తప్పు. ఎట్లో విమానమెక్కి చేరినను, రేవులోని అధికారి ఐ-407 ముందుంచినచో సంతకము చేయనక్కరలేదు. న్యాయాధికారి యెదుట విచారణ కోరు హక్కు ఆమెకు కలదు.

స్వదేశాభిమానులు కొందరు మమ్మాక్షేపింతురు: "మీరే గదా యువకులను తిరిగి రమ్మని పిలుచునది, ఈమె వచ్చిన తప్పేమి?" తప్పు లేదు. ముసలి తల్లిదండ్రులకొరకు, ఇచ్చటి వృత్తికొరకు, లేదా ఆ నేలమీద మనసు విరిగి, తనంత తాను కార్డు విడుచు స్త్రీని మేము గౌరవింతుము. అచ్చట నివసింపక కార్డును మాత్రము బీరువాలో దాచుకొని, ప్రపంచమంతటి ఆదాయముమీద ఆ దేశమునకు పన్ను లెక్కలు ఒప్పజెప్పుచుండుటకన్న, విడుచుటయే నిజాయితీ. (పదునైదేండ్లలో ఎనిమిదేండ్లు కార్డుతో నున్నవారు విడుచుటకు ముందు పన్ను న్యాయవాదిని తప్పక చూడవలెను.) కాని ఓడిపోయినదానికి విధించు శిక్షగా స్వదేశమును వాడుట స్వదేశమున కవమానము. ఆమె బిడ్డ అచ్చట పుట్టినదైనచో అమెరికా పౌరురాలు. బిడ్డ తండ్రియొద్ద నిలిచిపోయి, తల్లి కార్డు విడిచినచో, కన్నబిడ్డను చూచుటకు ఆమె వీసాకొరకు కిటికీయొద్ద నిలువవలెను. ఈ మాట పంచాయతీలో నెవరైన నెత్తినారా?

తొందరపాటున కింకొక కీడు కలదు. తిరుపతిలో 1975లో జరిగిన యొక వివాహమును, భర్త మిస్సోరి కోర్టులో రద్దు చేయించుకొనగా, ఆ తీర్పు ఇచ్చట చెల్లదని మన సుప్రీంకోర్టు 1991లో తేల్చెను. వివాహమునకు వర్తించు చట్టములోని కారణమును, భార్య నిజమైన సమ్మతియు లేని పరదేశపు తీర్పును మన కోర్టులు మన్నింపవు. కాగా ఆమె అచ్చట భార్య కాక, ఇచ్చట భార్యయై, కార్డును పోగొట్టుకొని కూర్చుండవచ్చును.

మా తోటి న్యాయవాదులతో నొక్క మాట. పరస్పర సమ్మతి విడాకుల రాజీపత్రములలో "రెండవ పక్షమువారు తమ గ్రీన్‌కార్డును వదలుకొనుటకు అంగీకరించిరి" అను వాక్యము మా కంటబడుచున్నది. టైపు చేయువాడు పాత పత్రమునుండి క్రొత్త పత్రమునకు దానిని దింపుచున్నాడు. వకీలు చదువక సంతకమునకు పంపుచున్నాడు. ఈ మారు అట్టి పత్రము బల్లమీదికి వచ్చినపుడు ఆ వాక్యము కొట్టివేసి, ఐ-864 హామీ సంగతి ఆమెకు తెలుగులో చదివి వినిపింపుడు. ఆమె విని, ఆలోచించుకొని, మరునాడు వచ్చి తానే విడిచెదనన్నచో, అప్పుడు కలము చేతికిండు.