వేలంపాటలో విద్య

పాత పుస్తకం వార్తలకెక్కాలంటే రెండే దారులున్నట్టు తోస్తుంది. ఒకటి దానిని తగులబెట్టడం, రెండవది కోట్లకు పాడుకోవడం. యూదుల గ్రంథాలకు ఈ రెండు గౌరవాలూ దక్కాయి. 2015 డిసెంబరులో న్యూయార్కులో ఒక తాల్ముద్ అచ్చుప్రతి 93 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2023 మే నెలలో 'కోడెక్స్ ససూన్' అనే హీబ్రూ బైబిలు వ్రాతప్రతి 3 కోట్ల 81 లక్షల డాలర్లు పలికింది. పత్రికలన్నీ వెల చెప్పాయి. ఆ గ్రంథాలను ఎవరు చదివారో, ఎందుకు చదివారో చెప్పడానికి మాత్రం వాటికి చోటు చాలలేదు కాబోలు!

యూదుల పుస్తకాల గొడవ తెలుగు పంతులుకెందుకని ఎవరైనా అడుగవచ్చును. తాల్ముద్ పుటను ఒక్కసారి చూచినవారు ఆ ప్రశ్న వేయరు. నడుమ మూలం ఉంటుంది. కుట్టువైపున రాషీ వ్యాఖ్య. వెలుపలి అంచున, రాషీ మనుమల తరం మొదలుకొని తరువాతి పండితులు లేవనెత్తిన ఆక్షేపణలూ సమాధానాలూ. రాషీ క్రీ.శ. 1040-1105 నడుమ జీవించిన ఫ్రెంచి దేశపు రబ్బీ, అనగా యూదు ధర్మపండితుడు. మనకు కాళిదాసు దగ్గరకు మల్లినాథుడు ఎట్లా దారి చూపుతాడో, వారికి తాల్ముద్ దగ్గరకు రాషీ అట్లా చూపుతాడు. మూలమూ వ్యాఖ్యా పూర్వపక్షమూ ఒకే పుటలో కూర్చుండి వాదించుకునే గ్రంథాన్ని చూచి మురిసిపోని పండితుడుండడు.

ఆ పుటకు స్థిరరూపం ఇచ్చినవాడు యూదుడు కాడు. ఆంట్వెర్ప్ నుంచి వెనిస్ చేరిన క్రైస్తవ ముద్రాపకుడు డానియెల్ బాంబెర్గ్. ఆయన 1520 ప్రాంతాల మొదలుపెట్టి 1523 నాటికి బాబిలోనియా తాల్ముద్‌ను సంపూర్ణంగా అచ్చువేశాడు. ఆయన వేసిన పత్రసంఖ్యలనే నేటికీ ప్రపంచమంతటా ఉటంకిస్తారు. అయిదు వందల ఏళ్ళ నాటి పుట ఇంకా పాఠశాలలో పనిచేస్తూనే ఉన్నది. దానిని అద్దాలపెట్టెలోని కత్తివలె చూడడం తగదు.

2015లో అమ్ముడైనది ఈ బాంబెర్గ్ ముద్రణే. ఆ ప్రతి అంత చక్కగా ఎందుకు మిగిలింది? శతాబ్దాలపాటు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, దానిని పాఠం చెప్పుకునే రబ్బీల చేతులకు దూరంగా ఉన్నది గనుక. చదివిన పుస్తకం చిరుగుతుంది, నూనె మరకలు పడుతుంది, అంచున గీతలు పడుతుంది. చదవని పుస్తకం నిగనిగలాడుతుంది. సంత ఆ నిగనిగకే వెలకడుతుంది. విద్యకు ఇంతకంటె పెద్ద వెక్కిరింత ఉన్నదా?

ఇంతమాత్రాన సేకర్తలందరినీ తిట్టడం నా ఉద్దేశం కాదు. గ్రంథాలను కాపాడినవారు సేకర్తలే. 1242లో పారిస్‌లో తాల్ముద్ ప్రతులను బండ్లకెత్తి కాల్చారు. 1553లో రోమ్‌లో కాల్చారు, ఆ వెంటనే వెనిస్‌లోనూ కాల్చారు. కాల్చనివాటి మీద మతాధికారుల పరిశీలకులు సిరా పూశారు. ఈ దహనాల తరువాత బాబిలోనియా తాల్ముద్ ఇంచుమించు సంపూర్ణంగా ఉన్న ప్రాచీన వ్రాతప్రతి ఒక్కటే మిగిలింది. 1342లో వ్రాసిన ఆ ప్రతి మ్యూనిక్‌లో ఉన్నది. 19వ శతాబ్దంలో రఫాయెల్ రబినోవిచ్ అనే పండితుడు దానిని అచ్చుప్రతులతో పోల్చి పాఠాంతరాలను సంపుటాలుగా వెలువరించాడు. ఆయనకు భృతి ఇచ్చి, తన గ్రంథసంచయాన్ని ఆయన ముందు పరచినవాడు మెర్ట్స్‌బాఖర్ అనే మ్యూనిక్ ధనికుడు. సేకర్త అంటే నా దృష్టిలో అతడు. డబ్బుతో పుస్తకం కొన్నాడు, పుస్తకానికి చదువరినీ సంపాదించాడు.

ప్రాగ్ నగరపు ప్రధాన రబ్బీ డేవిడ్ ఒపెన్‌హైమ్ (1664-1736) కథ ఇంకా ముల్లులా గుచ్చుకుంటుంది. ప్రాగ్‌లో పరిశీలకుల బెడదకు వెరచి ఆయన తన గ్రంథాలను హానోవర్‌లో ఉంచవలసి వచ్చింది. ఆయన పోయిన తరువాత అవి చేతులు మారి, పెట్టెల్లో మూలిగి, చివరకు 1829లో 9,000 థేలర్లకు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయం చేరాయి. అన్నీ కలిసి ఒక్కచోటికే చేరడం అదృష్టం. 1852-1860 నడుమ స్టైన్‌ష్నైడర్ ప్రకటించిన బాడ్లియన్ హీబ్రూ ముద్రితగ్రంథాల సూచికకు ఆ సంచయమే పెద్ద ఆధారం. పెట్టెలు విప్పి చిల్లరగా అమ్మి ఉంటే ఆ సూచిక ఆ రూపంలో పుట్టేది కాదు.

చిల్లరగా అమ్మితే ఏమవుతుందో మన బొంబాయిలో 1880లో పుట్టిన డేవిడ్ సాలమన్ ససూన్ సంచయం చెబుతుంది. ఆయన వెయ్యికి పైగా వ్రాతప్రతులు కూర్చి, 1932లో రెండు సంపుటాల సూచిక ప్రకటించాడు. పైన చెప్పిన కోడెక్స్‌ను ఆయన 1929లో 350 పౌండ్లకు కొన్నాడు. ఆయన మరణానంతరం, 1970ల నుంచి, ఆ గ్రంథాలు వేలంపాటల్లో చెల్లాచెదరయ్యాయి. ఇప్పుడవన్నీ కలిసి కనబడేది ఆ సూచికలోనే. ఊరు పోయి ఊరి పటం మిగిలినట్టు!

"వెల పెరిగితేనే గదా జాగ్రత్త పెరుగుతుంది?" అని వాదించేవారున్నారు. కొంత నిజమే. కోడెక్స్ ససూన్‌ను కొన్న దాత దానిని టెల్ అవీవ్‌లోని మ్యూజియానికి ఇచ్చాడు. కాని అది దాత మంచితనం, వేలంపాట ధర్మం కాదు. సుత్తి కొట్టేవాడికి కొనేవాడు చదువరా, బీరువానా అన్న విచారణ లేదు.

మరొక వాదం: "కాపాడినవాడికే హక్కు." బెర్లిన్‌లోని యూదు ఉన్నత విద్యాలయాన్ని నాజీలు 1942లో మూసివేశారు. అంతకుముందే దేశం దాటించిన ఆ సంస్థ గ్రంథాలు కొన్ని 1984లో న్యూయార్కు వేలంలో, అమ్మేవారి పేరు లేకుండా, ప్రత్యక్షమయ్యాయి. ప్రభుత్వ న్యాయవాది కోర్టుకెక్కగా 1985లో రాజీ కుదిరి, కొన్ని గ్రంథాలయాల పరమయ్యాయి. కాపాడినవాడికి దండం పెట్టవలసిందే. అయితే కృతజ్ఞత వేరు, యాజమాన్యం వేరు.

"స్కాన్ చేసి పెట్టారుగా, అసలు ప్రతి ఎవరి దగ్గరుంటేనేం?" అన్నది నేటి వాదం. స్కానులు గొప్ప వరమే, కాదనను. కాని యజమాని తలుపు తీస్తేనే గదా కెమెరా లోపలికి వెళ్ళేది! పైగా పాత అట్టల లోపల అతికించిన తోలుముక్కల్లోనే ఎన్నో మధ్యయుగపు హీబ్రూ వ్రాతలు బయటపడ్డాయి. పుట బొమ్మ తీసినవాడికి అట్ట కడుపులో ఏమున్నదో కనబడదు.

కనుక నా కోరికలు మూడు. అమ్మకముందు ప్రతి పుటా ఛాయాచిత్రం తీసి అందరి ముందు పెట్టాలి. ఒక పండితుడు కూర్చిన సంచయాన్ని విడగొట్టక మొత్తంగా అమ్మాలి. కొన్నవాడు సూచిక ప్రకటించాలి, అడిగిన పరిశోధకునికి తలుపు తీయాలి. 2017లో ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం లండన్ సేకర్త జాక్ లంజర్ కూర్చిన వేల గ్రంథాలను ఒక దాత కుటుంబంతో కలిసి కొన్నది. ఇది సాధ్యమేననడానికి అది నిదర్శనం. అయితే ఆ సంచయానికి తలమానికమైన బాంబెర్గ్ తాల్ముద్ మాత్రం రెండేళ్ళ ముందే విడిపోయింది. పైన చెప్పిన 93 లక్షల ప్రతి అదే.

ఒకరు చెబితే ఇంకొకరు కాదనడం, ఆ కాదన్నదానిని మూడవవారు అంచున వ్రాసిపెట్టడం, ఇదే రబ్బీల విద్య. అంచున వ్రాయడానికి చేయి లేనిచోట, ఎంత పెద్ద ధర పలికినా, అది వట్టి తోలూ కాగితమూ. పెద్దలు కాదంటారా? అంటే వ్రాయండి, వాదించుకుందాం.