హెచ్చరిక ఏ భాషలో?

అంతర్జాలంలో సరుకులు కొనేవారి ఖాతాలు, కార్డులు దొంగల పాలైనప్పుడు నలుగురూ తేల్చే తీర్పు ఒక్కటే: “వాళ్ళకు జాగ్రత్త లేదు.” ఈ తీర్పు నాకు సమ్మతం కాదు. జాగ్రత్త చెప్పవలసినవారు దానిని ఏ భాషలో చెప్పారన్నది ముందు విచారించాలి.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. భాగవతం ధారాళంగా చదువుతారు. ఆంగ్లం మాత్రం అక్షరాలు కూడబలుక్కోవలసిందే. మనవరాలు నేర్పగా ఫోనులోనే చీరలు, పప్పులు తెప్పించుకుంటారు. “మీరు తిప్పి పంపిన వస్తువు డబ్బు వాపసు వేస్తున్నామమ్మా” అంటూ ఒకడు మొదట కార్డు మీది అంకెలు, ఆపైన ఫోనుకు వచ్చిన ఆరంకెల సంఖ్య చెప్పించుకున్నాడు. ఆ సంఖ్య వచ్చిన సందేశంలోనే ఎంత సొమ్ము పోతున్నదో ఉంది, ఎవరికీ చెప్పవద్దనీ ఉంది. అంతా ఆంగ్లంలో. దొంగ తెలుగులో మాట్లాడాడు, బ్యాంకు ఆంగ్లంలో మాట్లాడింది. ఆవిడ ఎవరి మాట వింటారు?

2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఖాతాదారుకు మంచి రక్షణే కల్పించింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మరెక్కడో జరిగితే, మూడు పనిదినాలలోగా తెలియజేసినవారికి నష్టం ఉండదన్నది. కాని రహస్య వివరాలు తానే చెప్పుకున్నవారిది అజాగ్రత్త. బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా వారి ఖాతాలోనే. అర్థమైన మాటను పాటించకపోవడం అజాగ్రత్త. తెలియని భాషలో ప్రశ్నపత్రం ఇచ్చి పిల్లవాడికి సున్నా వేస్తే దానిని ఏమంటారో ఉపాధ్యాయమిత్రులే చెప్పాలి.

యంత్రాల వైపు కొంత పని జరిగింది, కాదనను. 2022 అక్టోబరు 1 నుండి మన దేశపు దుకాణాలు కార్డు సంఖ్యను తమ దగ్గర దాచుకోరాదు. దాని బదులు టోకెన్ అనే మారుసంఖ్య మాత్రమే ఉంటుంది. దుకాణం కొల్లబోయినా కార్డు పోదు. ఆన్‌లైన్ వాడకాన్నీ, విదేశీ వాడకాన్నీ మనమే ఆపుకొని, పరిమితి పెట్టుకొనే వీలు 2020లోనే వచ్చింది. ఇంట్లో పెద్దల కార్డులకు ఈ పని ఇవాళే చేసిపెట్టండి. సంకేతపదం దుకాణానికొకటి ఉండాలి, ఎందుకంటే ఒకచోట దొరికిన పదాన్ని దొంగలు పదిచోట్ల పెట్టి చూస్తారు. పొంతన లేని నాలుగు తెలుగు మాటలు (తిరగలి, గోంగూర, అటక, ఇంద్రధనుస్సు వంటివి) ఆంగ్లాక్షరాలలో కలిపి రాసుకుంటే చాలు. వీటినే వాడకండి, మీవి మీరు ఏరుకోండి. శతకపద్యపాదం మాత్రం వద్దు, అది ఊరందరికీ వచ్చు. సొమ్ము పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకూ, 1930కీ ఫోను చేయాలి.

ఇవన్నీ చేసినా, యజమాని తానే తలుపు తీస్తే తాళం ఏం చేస్తుంది? అసలు ‘ఓటీపీ’ అన్న పేరే నాకు నచ్చదు. అది అంకె కాదు, చేవ్రాలు. ‘చేవ్రాలు సంఖ్య’ అని ఉంటే, ముక్కూమొహం తెలియనివాడికి సంతకం పెట్టి ఇస్తున్నానా అని ఆవిడ ఒక్క నిమిషం ఆగేవారు.

తెలుగులో పంపడం ఖర్చు అంటారు. సంక్షిప్త సందేశంలో ఆంగ్లమైతే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70 మాత్రమే, నిజమే. అక్షరాలు లేవనే సాకు మాత్రం చెల్లదు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. డబ్బాలు డబ్బాలుగా కనబడే తెలుగును తంటాలు పడి చదివించుకున్నవారం మనం, ఆ సాకు మన దగ్గరా?

ఇదిగో, నేను కూర్చిన వాక్యం: “ఈ సంఖ్య చెబితే మీ సొమ్ము పోతుంది. ఎవరికీ చెప్పకండి.” గుణింతాలు, ఒత్తులు, ఖాళీలు, చుక్కలు విడివిడిగా లెక్కపెట్టినా 51 స్థానాలు. ఆరంకెల సంఖ్యకూ, పోయే సొమ్ము ఎంతో వేయడానికీ ఇంకా చోటుంది.