అటక మీద యాష్

బ్లాక్ మిర్రర్‌లో ‘బీ రైట్ బ్యాక్’ ఎపిసోడ్ గురించి ఎవరు మాట్లాడినా మొదటి మాట ఒకటే: “2013లోనే ఎలా ఊహించాడ్రా బాబూ!” రాసిన చార్లీ బ్రూకర్‌ని తీసుకెళ్ళి బ్రహ్మంగారి పక్కన కూర్చోబెట్టేశాం. ఈ పొగడ్త వింటే నాకు ఒళ్ళు మంట. జోస్యం ఫలించిందా లేదా అని చూసేవాడు కథ చూడడు. టిక్కు పెట్టుకుని వెళ్ళిపోతాడు.

కథ తెలియనివాళ్ళకి క్లుప్తంగా. మార్తా, యాష్ కొత్త ఇంటికి మారతారు. మర్నాడు అద్దె వ్యాన్ తిరిగిచ్చేయడానికి వెళ్ళిన యాష్ ప్రమాదంలో పోతాడు. అతను ఆన్‌లైన్‌లో రాసిందంతా పోగేసి, అతనిలాగే మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఒకటి మార్తా జీవితంలోకి వస్తుంది. ముందు అక్షరాలు, తర్వాత ఫోన్లో గొంతు, చివరికి అచ్చం అతనిలాంటి శరీరం. అప్పటికి ఆమె గర్భవతి.

ఇక్కడ రెండో రకం ప్రేక్షకులు వస్తారు. వీళ్ళకి నీతి కావాలి. “ఎంతైనా యంత్రం మనిషి కాలేదు” అని తేల్చేసి, పాప్‌కార్న్ గిన్నె కడిగేసుకుంటారు. అంటే, ఇంకాస్త బాగా తయారుచేసి ఉంటే గొడవ లేదన్నమాటే కదా?

ఎపిసోడ్ చెప్పేది అది కాదు. ఒక రాత్రి మార్తా అతన్ని గదిలోంచి పొమ్మంటుంది. లేచి వెళ్ళిపోతాడు. ఆమెకి మండేది అక్కడే. అసలు యాష్ అయితే పోట్లాడేవాడు, పొమ్మనగానే పోయేవాడు కాదు. తర్వాత కొండ అంచుకి తీసుకెళ్ళి దూకమంటుంది. ఆమె గట్టిగా చెబితే దూకేలాగే ఉన్నాడు. యాష్ అయితే భయపడేవాడు, ఏడ్చేవాడు అంటుంది. వెంటనే ఏడుపు మొదలుపెడతాడు! ఆ ఏడుపు కూడా ఆజ్ఞే. నకలు సరిగ్గా కుదరకపోవడం కాదు అక్కడి లోపం. ఆమె కాదన్నదాన్ని కాదనే దమ్ము దానికి లేదు.

ఇదంతా సోఫాలో కూర్చుని తెలుసుకున్నది కాదు.

మా చెల్లి పెళ్ళి నాటికి నాన్న పోయి రెండేళ్ళు. ఆ సంబంధం నాన్నకి ఇష్టం లేదు. కులం వేరని చెల్లితో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. అలా మాట్లాడకుండానే పోయాడు. పెళ్ళి వీడియో తీసే కుర్రాడు “అన్నా, అంకుల్ ఫొటోలు, వాయిస్ మెసేజీలు ఉంటే ఇవ్వండి, సర్‌ప్రైజ్ చేద్దాం” అన్నాడు. ఇచ్చింది నేనే. ఎల్‌ఈడీ తెర మీద మబ్బుల్లోంచి నాన్న దిగొచ్చి, ఇద్దరి తలల మీదా చేతులుంచి, “నా ఆశీస్సులు మీకెప్పుడూ ఉంటాయమ్మా” అన్నాడు. హాలంతా చప్పట్లు. చెల్లి వెక్కివెక్కి ఏడ్చింది. నాన్న దాన్ని జన్మలో ‘అమ్మా’ అనలేదు. ‘ఒసేయ్’ అనేవాడు.

భోజనాల దగ్గర అమ్మ నా పక్కకి వచ్చి మెల్లగా అంది: “ఆయన ఒప్పుకోలేదు కదరా. ఇప్పుడెవరు ఒప్పించారు?”

“చెల్లికి కాస్త ఊరట దొరికింది కదా, నీకేంటి బాధ?” అని మీరు అడగొచ్చు. నా స్నేహితులూ అడిగారు. ఊరటని నేను కాదనను. నాన్న పట్టుదల ఒప్పని కూడా అనను; ఆయనది పచ్చి తప్పు. కానీ ఆ తప్పు ఆయనది. దాని మీద ఆయనతో పోట్లాడాల్సింది బతికుండగా, నేను. ఆ ఎనిమిది నెలలూ నోరు మూసుకుని, పోయాక మిషన్ చేత ‘సరే’ అనిపించాను. పోయినవాళ్ళని తలుచుకోవడం వేరు, పోయినవాళ్ళ చేత మనక్కావలసింది చెప్పించుకోవడం వేరు. తద్దినం రోజున పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం. కాకి రాకపోతే, ఆయనకి కోపం పోలేదేమో అనుకుంటాం. నమ్మినా నమ్మకపోయినా, ఆ తంతులో పోయినవాడికి అలిగే వీలుంది. ఆ వీడియోలో అదీ లేదు.

ఎపిసోడ్ మొదట్లో యాష్ ఒక సంగతి చెబుతాడు. సోదరుడు చనిపోయాక వాళ్ళమ్మ అతని ఫొటోలన్నీ తీసి అటకెక్కించిందట. నాన్న పోయాక ఆయనవీ అంతే. చివర్లో, ఏళ్ళ తర్వాత, ఆ అటక మీదే నకలు యాష్ నిలబడి ఉంటాడు. పుట్టినరోజు నాడు కూతురు కేక్ ముక్క పట్టుకుని పైకెళ్తుంది. మార్తా మెట్ల దగ్గర ఆగి, కూడదీసుకుని, ఎక్కుతుంది. పారేయలేదు, ఇంట్లో తిరగనివ్వలేదు. జోస్యం జోస్యం అని గుండెలు బాదుకునేవాళ్ళు ఈ అటక దగ్గర ఒక్క నిమిషమైనా ఆగారా? టెక్నాలజీ వార్త కాదిది. చావుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఒక ఇంటి కథ.

మాది అపార్ట్‌మెంట్, అటక లేదు. పెళ్ళి వీడియో పెన్‌డ్రైవ్ బీరువాలో ఉంది. ఎడిటర్‌కి ఇవ్వని వాయిస్ మెసేజ్ ఒకటి నా ఫోన్లో ఉంది. పద్నాలుగు సెకన్లు. “దానికి చెప్పు, నేను రానని” అంటాడు నాన్న. చివర్లో దగ్గు.

అది చెల్లికి ఇంకా వినిపించలేదు.